కనబడని జంతువు మీద నడిచిన ఫైళ్ళు

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. మన జిల్లా కోటల గురించీ, కైఫీయతుల గురించీ నాకంటే బాగా వ్రాయగల పెద్దలు సంఘంలో ఉన్నారు. వారి జోలికి పోకుండా, ఎవరూ ముట్టని అంశం ఒకటి ఎత్తుకుంటున్నాను. అమెరికా వాయవ్య భాగపు అడవుల్లో తిరుగుతుందని చెప్పుకొనే ‘బిగ్‌ఫుట్’ అనే జంతువు గురించి, దాన్ని పట్టుకోవాలని తుపాకులూ కెమెరాలూ భుజాన వేసుకుని జనం వెళ్ళే భయంగొలిపే చోట్ల గురించి ఈ వ్యాసం.

మా అమ్మాయి, అల్లుడు ఆరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ నగరం పక్కన హిల్స్‌బరోలో ఉంటారు. అక్కడి కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీల పుణ్యమా అని మన తెలుగువారు చాలామందే ఉన్నారు. 2018లోనూ, 2023లోనూ వెళ్ళి తలా కొన్ని నెలలు ఉన్నాను. పిల్లలు ఆఫీసులకు పోతే పగలంతా నాకు పబ్లిక్ లైబ్రరీయే గతి. అక్కడ దొరికిన పుస్తకాలూ, పత్రాల నకళ్ళూ చదివాక నాకు తోచింది ఇది: ఈ జంతువు ఇంతవరకూ ఎవరికీ చిక్కలేదు, ఎముక కూడా దొరకలేదు, కాని దాని పేరు మీద సర్కారు కాగితాలు మాత్రం దండిగా ఉన్నాయి. ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళతో కాపురం చేసినవాణ్ణి కనుక నా చూపు జంతువు కంటే కాగితం మీదికే పోయింది.

ముందుగా జంతువు వర్ణన. ఏడెనిమిది అడుగుల ఎత్తు, ఒళ్ళంతా జుట్టు, మనిషిలా రెండు కాళ్ళ మీద నడక, ముక్కు పగిలే కంపు. దానికి పాత పేరు ‘సాస్క్వాచ్’. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఫ్రేజర్ నది ఒడ్డున ఉండే ఆదివాసుల హల్కొమేలెం భాషలోని మాట అది. చెహాలిస్ అనే ఆదివాసీ గ్రామంలో బడిపంతులుగా పనిచేసిన జె.డబ్ల్యు. బర్న్స్ అనే ఆయన 1920లలో వారి కథలు సేకరించి పత్రికలకు వ్రాయడంతో ఆ మాట తెల్లవారి నోళ్ళలో పడింది. ఆ ఆదివాసులకు అది వేటాడవలసిన మృగం కాదు. అడవిని కాచే పెద్ద ఉనికి, తమ చిహ్నంగా పెట్టుకునేంత ఆప్తం. మన చెంచులు నల్లమలలో తిరిగే తీరు తెలిసినవారికి ఇది వింతగా తోచదు. అడవిలో పుట్టి పెరిగినవాడికి అడవి భయం వేరు, బయటినుంచి వచ్చినవాడి భయం వేరు.

బయటివారి భయానికి మొదటి పెద్ద చోటు వాషింగ్టన్ రాష్ట్రంలోని సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం. 1924 జూలైలో ఫ్రెడ్ బెక్, మరి నలుగురు బంగారం వెదుక్కుంటూ ఆ కొండ వాలులో దుంగలతో గుడిసె వేసుకుని ఉన్నారు. లోయ అంచున కనబడిన ఒక జంతువును తుపాకీతో కాల్చామనీ, అది లోయలో పడిపోయిందనీ, ఆ రాత్రంతా దాని తోటివి వచ్చి గుడిసె మీద రాళ్ళు కురిపించాయనీ, దుంగల సందుల్లోంచి చెయ్యి లోపలికి పెట్టాయనీ వారు చెప్పారు. తెల్లవారగానే సామాను చాలావరకు అక్కడే వదిలి కొండ దిగి వచ్చేశారు. పోర్ట్‌లాండ్ పత్రిక ‘ఆరెగోనియన్’ దీన్ని గొప్పగా అచ్చు వేసింది. అటవీ సిబ్బంది పైకి వెళ్ళి చూశారు. నమ్మదగిన ఆనవాలు ఏదీ దొరకలేదు. కాని అప్పటినుంచి ఆ లోయకు ‘ఏప్ కాన్యన్’, అంటే కోతిమనుషుల లోయ, అనే పేరు స్థిరపడిపోయింది. 1982లో ఒక ముసలి కలప పనివాడు, ఆ రాళ్ళు దొర్లించింది కుర్రతనంలో మేమేనని చెప్పాడు. బెక్ మాత్రం 1967లో చిన్న పుస్తకం వేసి, తన మాట మీదే నిలబడ్డాడు.

ఆ కొండకే దక్షిణం వైపున ‘ఏప్ కేవ్’ అనే గుహ ఉంది. సుమారు రెండు వేల ఏళ్ళ క్రితం కరిగిన లావా పారి, పైభాగం గట్టిపడి, లోపలిది కారిపోగా మిగిలిన సొరంగం అది. రెండున్నర మైళ్ళు ఉంటుంది. పేరు విని నేనూ అది జంతువు నివాసమే కాబోలనుకునేవారి జాబితాలో చేరేవాణ్ణే గాని, వెళ్ళబోయే ముందు చదివాను గనుక బ్రతికిపోయాను. 1950 ప్రాంతంలో ఈ గుహ బయటపడిన తరువాత లోపలికి పోయి శోధించిన కుర్రాళ్ళ స్కౌట్ దళం పేరు ‘సెయింట్ హెలెన్స్ ఏప్స్’. గుహకు వచ్చిన పేరు వారిది. అయినా సరే, బయట మండుటెండగా ఉన్నా లోపల ఏడాది పొడుగునా 42 డిగ్రీల ఫారన్‌హీట్ చలి. దీపం ఆర్పి చూడమని మా మనవడు అన్నాడు. ఆర్పాము. మన చెయ్యి మన కళ్ళ ముందు పెట్టుకున్నా కనబడదు. పక్కనెవరో ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. అది మా అల్లుడిదే.

1980 మే 18న ఆ పర్వతం బద్దలై 57 మంది చనిపోయారు. ఉత్తరపు వైపు కొండ సగం జారిపోయింది. నన్నడిగితే ఆ చోటుకు నిజమైన భయం అదే. అయినా ఆ బూడిదలో పెరిగిన కొత్త అడవిలో కూడా జనం వెదుకుతున్నది జుట్టు మనిషినే.

ఇక ‘బిగ్‌ఫుట్’ అన్న పేరు పుట్టిన చోటు కాలిఫోర్నియా ఉత్తరాన ఉన్న బ్లఫ్ క్రీక్ అనే వాగు. కలప లారీల కోసం అక్కడ కొత్త రోడ్డు కోస్తున్నారు. 1958 ఆగస్టులో జెర్రీ క్రూ అనే బుల్‌డోజర్ డ్రైవరు పొద్దున్నే పనిలోకి వచ్చేసరికి, తన యంత్రం చుట్టూ 16 అంగుళాల మనిషి అడుగులున్నాయి. ప్లాస్టర్ పోసి అచ్చు తీశాడు. యురేకా పట్టణపు ‘హంబోల్ట్ టైమ్స్’ అక్టోబరులో ఆ అచ్చు పట్టుకున్న ఆయన ఫోటో వేసి ‘బిగ్‌ఫుట్’ అని పేరు పెట్టింది. కూలీలు అప్పటికే ఆ మాట వాడుతున్నారు. వార్త దేశమంతా పాకింది. ఆ రోడ్డు కాంట్రాక్టరు రే వాలెస్ 2002లో చనిపోయాక, ఇంటివారు కర్రతో చెక్కిన పెద్ద పాదాల జత ఒకటి బయటపెట్టి, ఇదంతా నాన్న చేసిన వేళాకోళమే అన్నారు. కాంట్రాక్టర్లు కొలతల్లో తేడాలు పెట్టడం మనకు కొత్త కాదు గాని, అడుగుల్లో కూడా పెడతారని నాకు అప్పుడే తెలిసింది.

అదే వాగు దగ్గర 1967 అక్టోబరు 20న రోజర్ ప్యాటర్సన్, బాబ్ గిమ్లిన్ అనే ఇద్దరు గుర్రాల మీద వెళ్ళి, నిమిషం లోపు సినిమా ఒకటి తీశారు. వాగు ఇసుకలో ఒక నల్లటి ఆకారం నడిచిపోతూ, ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తుంది. లోకమంతా చూసిన బిగ్‌ఫుట్ బొమ్మ అదే. వేషం వేసిన మనిషి అని ఒకరు, కాదని ఒకరు, వాదన ఈనాటికీ తెగలేదు. నేను చాలాసార్లు చూశాను. నాకు మనిషి నడకగానే తోచింది. మా ఆవిడ మాత్రం “ఎవరో ఆడమనిషి పాపం, వెనక వాళ్ళు పడుతున్నారని చూసుకుంటోంది” అన్నది.

సినిమా వచ్చాక జరిగినదే ఈ చరిత్రలో అసలు ఘట్టం. ఉన్నట్టుండి ఆ అడవులన్నిటికీ తుపాకీలవాళ్ళు బయలుదేరారు. వాషింగ్టన్ రాష్ట్రంలో స్కమేనియా కౌంటీ అని ఒకటుంది. కౌంటీ అంటే మన జిల్లా వంటిది, సెయింట్ హెలెన్స్ పర్వతం చాలావరకు దాని హద్దులోనే ఉంది. ముఖ్యపట్టణం స్టీవెన్సన్, కొలంబియా నది ఒడ్డున పోర్ట్‌లాండ్ నుంచి కారులో గంట ప్రయాణం. ఎత్తయిన కొండలు, నది మీద మబ్బు, మధ్యాహ్నం మూడింటికే చీకటి పడే దేవదారు అడవి. జంతువు ఉందో లేదో గాని, ఉండదలచుకుంటే మాత్రం ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఆ కౌంటీ కమిషనర్ల బోర్డు 1969 ఏప్రిల్ 1న 69–01 నంబరుతో ఒక ఆర్డినెన్సు చేసింది. తారీఖు చూసి అందరూ ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. కాని కాగితం చదివితే నవ్వు రాదు. దాని సారాంశం ఇది: సాస్క్వాచ్, యెతీ, బిగ్‌ఫుట్ అనే పేర్లతో పిలిచే రాత్రించర జంతువు ఒకటి ఈ కౌంటీలో ఉండవచ్చునని చెప్పే కథలూ, చూశామనే మాటలూ ఉన్నాయి. దానివల్ల పరిశోధకులూ వేటగాళ్ళూ గుంపులుగా వస్తున్నారు. వారిలో చాలామంది చేతుల్లో మారణాయుధాలున్నాయి. తగిన చట్టం లేనందున తుపాకులు ఇష్టం వచ్చినట్టు వాడే ప్రమాదం ఉంది, దానివల్ల ఇక్కడ నివసించేవారికీ, ప్రయాణించేవారికీ, సదరు జంతువుకూ ప్రాణాపాయం. కాబట్టి దాన్ని కావాలని చంపితే ఘోర నేరం, 10,000 డాలర్ల వరకు జరిమానా, అయిదేళ్ళ వరకు జైలు.

మన సభ్యులు ఈ ముసాయిదాను జాగ్రత్తగా గమనించాలి. జంతువు ఉన్నదని ఎక్కడా అనలేదు. ఉండవచ్చునన్నారు. లేదని కూడా అనలేదు. నిజంగా కాపాడదలచుకున్నది పొదల్లో గోధుమరంగు కోటు వేసుకుని నడిచే మనిషిని. పొడుగ్గా, జుట్టుగా కదిలేదాన్ని చూస్తే కాల్చెయ్యాలని ఊరుకాని ఊరివాడు తుపాకీ ఎత్తి కూర్చుంటే, ముందు చచ్చేది కట్టెలకు పోయినవాడే గదా! మా ఫిర్కాలో ఒకసారి చిరుతపులి తిరుగుతున్నదని గోల లేచింది. తహశీల్దారు గారు పులి ఉందా లేదా అని విచారణ వేయలేదు, సాయంత్రం ఆరు తరువాత చెరకు తోటల్లోకి పోవద్దని దండోరా వేయించారు. ఆ దండోరా నోటు తయారు చేసింది నేనే. స్కమేనియా ఆర్డినెన్సు చదువుతుంటే ఆ నోటు జ్ఞాపకం వచ్చింది.

ఆ ఫైలు అక్కడితో ముగియలేదు. ఘోర నేరమని శిక్ష నిర్ణయించే అధికారం కౌంటీ బోర్డుకు లేకపోవచ్చునని ఆడిట్ అభ్యంతరం వంటిది పుట్టింది. అందుచేత 1984లో సవరణ చేశారు. శిక్ష ఏడాది జైలుకూ, వెయ్యి డాలర్లకూ తగ్గించి, కౌంటీ మొత్తాన్ని సాస్క్వాచ్ శరణాలయంగా ప్రకటించారు. చంపినవాడు తనకు మతిభ్రమణం అని చెప్పుకున్నా చెల్లదన్నారు. అన్నిటికంటే నాకు నచ్చినది మరొక క్లాజు. చచ్చినది మానవజాతికి చెందినదని శవపరీక్షాధికారి తేలిస్తే హత్యానేరం కింద, కోతిజాతిదని తేలిస్తే ఈ ఆర్డినెన్సు కింద కేసు నడపాలట. ఆ క్లాజు వ్రాసిన గుమాస్తా ఎవరో గాని, వానికి నా నమస్కారం. రేపు ఎవరూ ‘అయితే అప్పుడేమిటి?’ అని అడగకుండా కట్టుదిట్టం చేసి వెళ్ళాడు.

తుపాకుల భయం వట్టి ఊహ కాదనడానికి దూరపు నిదర్శనం ఒకటి. దక్షిణాన ఆర్కన్సా రాష్ట్రంలో ఫౌక్ అనే చిన్న ఊరు ఉంది. చుట్టూ చిత్తడి అడవి. 1971లో ఒక ఇంటి మీద జుట్టు జంతువు దాడి చేసిందన్న వార్త వచ్చేసరికి, ఒక రేడియో స్టేషను బహుమతి ప్రకటించింది. ఆయుధాలతో జనం ఎగబడ్డారు. చివరికి అక్కడి షెరీఫు, అంటే పోలీసు అధికారి, కొంతకాలం తుపాకులే తేవద్దని కట్టడి చేయవలసి వచ్చింది. మరుసటి ఏడు దానిమీద సినిమా కూడా వచ్చింది. 1990లలో మన పల్లెల్లో ప్రతి తలుపు మీదా ‘ఓ స్త్రీ రేపు రా’ అని వ్రాసుకున్న రోజులు గుర్తున్నవారికి పుకారు బలం ఎంతటిదో చెప్పనక్కరలేదు. మన అదృష్టం, మనవాళ్ళు సున్నం, బొగ్గు పట్టుకున్నారు గాని తుపాకి పట్టుకోలేదు.

జంతువును ప్రాణాలతో పట్టాలనుకున్నవారు కూడా లేకపోలేదు. ఆరెగాన్ దక్షిణ కొసన ఆపిల్‌గేట్ సరస్సు దగ్గర, కొండ వాలులో బిగ్‌ఫుట్ కోసం కట్టిన బోను ఈనాటికీ ఉంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, మందపు పలకలు, ఇనప పట్టీలు, పైనుంచి జారిపడే ఇనప తలుపు. 1974లో ఒక ప్రైవేటు పరిశోధక బృందం ప్రభుత్వ అటవీ భూమిలో దీన్ని కట్టింది. అందుకు అటవీశాఖవారు ప్రత్యేక వినియోగ పర్మిట్టు ఇచ్చారు. అర్జీలో ‘ప్రయోజనం’ అన్న గడిలో ఏమి నింపి ఉంటారోనని ఆలోచిస్తూ ఒక పూట గడిపాను. ఆరేళ్ళపాటు లోపల మాంసం వేలాడగట్టి కాపలా కాశారు. పడినవల్లా ఎలుగుబంట్లు. వాటిని విడిచిపెట్టారు. 1980లో బోను వదిలేశారు, అది శిథిలమైపోతుంటే 2006లో బాగు చేయించి, ఎవరూ లోపల చిక్కుపడకుండా తలుపును పైకి బిగించేశారు. దాన్ని నేను చూడలేదు. హిల్స్‌బరో నుంచి అయిదు గంటల దూరం, ఆపైన నడక. మా మోకాళ్ళ డాక్టరు ఒప్పుకోలేదు.

ఇక కేంద్ర ప్రభుత్వపు ఫైలు. పీటర్ బర్న్ అనే ఐరిష్ జాతీయుడు ఈ వేటగాళ్ళలో పెద్దవాడు. ఈయనకు మన దేశంతో సంబంధం ఉంది. యవ్వనంలో ఉత్తర బెంగాల్ తేయాకు తోటల్లో పనిచేశాడు. 1957 నుంచి టామ్ స్లిక్ అనే టెక్సాస్ నూనె ధనికుని ఖర్చు మీద నేపాల్‌లో యెతీ కోసం వెదికాడు. అక్కడ కూడా కాగితం లేకుండా పని జరగలేదు సుమండీ! యెతీ వేటకు నేపాల్ ప్రభుత్వం పెట్టిన నిబంధనలను కాఠ్మండూలోని అమెరికా రాయబార కార్యాలయం 1959 నవంబరు 30న తన మెమోలో ఎక్కించింది. పర్మిట్టుకు 5,000 రూపాయలు చెల్లించాలి, అదీ మన భారతీయ రూపాయలు. యెతీని ఫోటో తీయవచ్చు, ప్రాణంతో పట్టవచ్చు, ఆత్మరక్షణకు తప్ప కాల్చరాదు. తీసిన ఫోటోలూ, పట్టిన జంతువూ ప్రభుత్వానికి అప్పగించాలి. అనుమతి లేకుండా పత్రికలకు చెప్పరాదు. స్కమేనియావారి కంటే పదేళ్ళ ముందే, కాల్చవద్దని నేపాల్ చెప్పిందన్నమాట.

బర్న్ తరువాత అమెరికా చేరి, స్టీవెన్సన్‌కు కొంత ఎగువన నది ఒడ్డునే ఉన్న ద డాలెస్ పట్టణంలో బిగ్‌ఫుట్ సమాచార కేంద్రం నడిపాడు. 1976లో ఎఫ్.బి.ఐ. వారికి ఉత్తరం వ్రాశాడు. సైన్యపు ఇంజనీర్ల శాఖ 1975లో వేసిన వాషింగ్టన్ రాష్ట్ర పర్యావరణ అట్లాసులో సాస్క్వాచ్ ప్రస్తావన ఉందనీ, మీరు దాని వెంట్రుకలు పరీక్షించినట్టు అందులో వ్రాశారనీ, అది నిజమా అనీ అడిగాడు. మా రికార్డుల్లో అటువంటిది కనబడలేదని జవాబు వచ్చింది. పట్టు విడువక బర్న్ 15 వెంట్రుకలు, కాస్త చర్మంతో సహా పంపించాడు. సాధారణంగా నేర విచారణలకు తప్ప ప్రయోగశాలను వాడమనీ, విజ్ఞాన ప్రయోజనం దృష్ట్యా మినహాయింపు ఇస్తున్నామనీ సహాయ డైరెక్టరు జే కాక్రన్ వ్రాశాడు. 1977 ఫిబ్రవరిలో ఫలితం తేలింది. అవి జింకజాతి వెంట్రుకలు. 22 పేజీల ఆ ఫైలును 2019 జూన్‌లో అందరికీ చూడనిచ్చారు.

మన ఆఫీసుల్లో అయితే ‘మీ అర్జీ పరిశీలించి త్రోసిపుచ్చడమైనది’ అని మూడు ముక్కల్లో ఎల్.డిస్. చేసి పారేసేవాళ్ళం. అక్కడ ఒక పెద్ద అధికారి, నవ్విపోతారని చూడకుండా, వెంట్రుకలు సూక్ష్మదర్శిని కింద పెట్టించి, వచ్చినది వచ్చినట్టు వ్రాసి, నలభై రెండేళ్ళు భద్రపరిచారు. దాన్ని ఆర్.డిస్. అనవలసిందే. వెటకారంగా అనడం లేదు. అడిగినవాడు నమ్మేవాడా, పిచ్చివాడా అన్నది చూడకుండా అడిగిన దానికి జవాబు ఇవ్వడం అంత సులభం కాదు. బర్న్ 2023లో తొంభై ఏడో ఏట చనిపోయాడు. అరవై ఏళ్ళకు పైగా వెదికి, ఏదీ పట్టుకోకుండానే.

ఇవన్నీ చదువుకుని తిరిగి వచ్చాక, 2024 డిసెంబరు చివరిలో మా అమ్మాయి ఫోనులో ఒక వార్త చెప్పింది. స్కమేనియా కౌంటీలోనే, స్టీవెన్సన్‌కు తూర్పున విల్లార్డ్ అనే చిన్న ఊరి దగ్గర అడవిలోకి పోర్ట్‌లాండ్‌కు చెందిన ఇద్దరు మగవాళ్ళు సాస్క్వాచ్‌ను వెదకడానికి వెళ్ళారు. ఒకరికి 59 ఏళ్ళు, మరొకరికి 37. క్రిస్మస్ ముందురోజు ఇంటికి చేరవలసినవాళ్ళు చేరలేదు. ఆ రాత్రి ఒంటిగంట ప్రాంతంలో ఇంటివారు షెరీఫు కార్యాలయానికి చెప్పారు. గడ్డకట్టే చలి, మంచు, పొంగిన వాగులు, కూలిన చెట్లు. పండుగ పూట అరవై మందికి పైగా వాలంటీర్లు కుక్కలతో, డ్రోన్లతో మూడు రోజులు గాలించారు. 28వ తేదీన దట్టమైన అడవిలో ఇద్దరి శవాలూ దొరికాయి. ఏ జంతువూ వారిని ముట్టలేదు. వాతావరణం, తగిన ఏర్పాట్లు లేకుండా వెళ్ళడమే కారణమని షెరీఫు కార్యాలయం తెలియజేసింది. 1969లో ఆ బోర్డు భయపడినది తుపాకీకి. ప్రాణాలు తీసినది చలి.

ఆ వైపు పిల్లలున్న మన సభ్యులు పది పన్నెండు మంది ఉన్నారని సంఘం రిజిస్టరు చూస్తే తెలుస్తున్నది. వెళ్ళినప్పుడు స్టీవెన్సన్ తప్పక చూడండి, నది ఒడ్డున చక్కని ఊరు. ఏప్ కేవ్‌కు వేసవిలో వెళ్ళడం మంచిది, ముందుగానే సమయం రిజర్వు చేయించుకోవాలి. స్వెట్టరు, మంకీ క్యాపు, మనిషికి రెండేసి టార్చీలు పట్టుకెళ్ళాలి. గుహలో సెల్‌ఫోను దీపం చాలదు. అడవి రోడ్లలో ఫోను సిగ్నలు కూడా అందదు గనుక, ఏ దారిన పోతున్నదీ, ఏ వేళకు తిరిగి వచ్చేదీ ఒక కాగితం మీద వ్రాసి ఇంట్లోవారి చేతికి ఇచ్చి బయలుదేరండి.